మిత్ర పురుగులు – 5వ పాఠం: ఓరియస్‌ని రంగుతో గుర్తుపట్టొద్దు

ఓరియస్ అంటే తామర పురుగుల్ని (త్రిప్స్) తినే చిన్న మిత్ర పురుగు. అది ఉందో లేదో తెలియడానికి పోయినసారి మిరప పూలు తెల్ల కాగితం మీద దులిపి చూడమన్నాను. దులిపారు. నల్లగా కదిలినదల్లా ఓరియస్ అనుకుని కొందరు మందు ఆపేశారు. పసుపుగా కనిపించినదల్లా తామర పురుగు పిల్లేనని ఇంకొందరు ఆ సాయంత్రమే పంపు భుజానికెత్తుకున్నారు. కోడుమూరు వైపు నుంచి 'ఓరియస్' అని వచ్చిన ఫోటోల్లో చాలావరకు నల్ల తామర పురుగులే! కాబట్టి ఓరియస్‌ని చేలో నిలబెట్టుకోవడం గురించి ఈసారి రెండు మాటలే. మిగతాదంతా గుర్తుపట్టడం గురించే.

తామర పురుగు ఏం చేస్తుందో మళ్లీ చెప్పను. అది తెచ్చే ఆకు ముడత చూడని మిరప రైతు ఎవరున్నారు?

అసలు చిక్కు రంగుతోనే. 2021లో మన మిరప మీద విరుచుకుపడిన నల్ల తామర పురుగు పూలలోనే ఉంటుంది. దాన్ని తినే ఓరియస్ కూడా పూలలోనే ఉంటుంది. రెండూ నలుపే. పిల్లల దగ్గరికొస్తే రెండింటివీ పసుపే. ఇంక రంగు చూసి ఏం తేలుతుంది? ఆకారం చూడండి. తామర పురుగు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఓరియస్ దానికంటే కాస్త పెద్దది, రెండు మిల్లీమీటర్ల చిల్లర, కోలగా, వెడల్పుగా ఉంటుంది, వీపు చదును, రెక్కల మీద తెల్లటి మచ్చలు. పిల్ల ఓరియస్ అయితే నువ్వుగింజ ఆకారం, పసుపు నుంచి నారింజ రంగు, కళ్లు ఎర్రగా ఉంటాయి. ఆ ఎర్ర కళ్లు పది రెట్ల భూతద్దంలో తెలిసిపోతాయి. ఫోన్ జూమ్‌తో తెలియవు, దయచేసి ఆ ఫోటోలు పంపకండి. ఇంకా అనుమానముంటే పురుగును వెల్లకిలా తిప్పండి. తల కింద మడిచిన సూదిలాంటి ముక్కు ఉంటే అది ఓరియస్. ఆ ముక్కునే తామర పురుగులో గుచ్చి రసం పీల్చేస్తుంది. ఒక్కోసారి మన చేతినీ పొడుస్తుంది, చురుక్కుమంటుంది అంతే, విషం లేదు.

కాగితం గాలికి లేస్తుంది. నేనైతే తెల్ల ప్లాస్టిక్ డబ్బా మూత వాడతాను. పసుపు పిల్లల కోసం నల్ల మూత ఇంకా మేలు.

మందు సంగతి. సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే ముందు పోయేది ఓరియసే. గుడ్లు మొక్క కణజాలంలో దాగి ఉంటాయి కాబట్టి కొన్ని మిగలొచ్చు, కానీ పిల్లలు బయటికి రాగానే నడిచేది ఆ మందు మీదే. తోట చుట్టూ రెండు మూడు వరసల మొక్కజొన్న వేస్తే, తామర పురుగులు తక్కువైన రోజుల్లో ఓరియస్ ఆ పుప్పొడి తిని బతుకుతుంది. జొన్న వేసినా ఫర్వాలేదు, నాకు మాత్రం మొక్కజొన్నే నచ్చుతుంది.

అనంతపురం వేరుసెనగ రైతులు 'మాకెందుకు ఇది' అన్నారు. 2000లో మీ జిల్లాలో కాండం కుళ్లు వైరస్ రెండు లక్షల హెక్టార్లకు పైగా చేలను దెబ్బతీసింది. గట్టు మీది వయ్యారిభామ పుప్పొడిని ఒంటికి అంటించుకుని చేలోకి వచ్చేది తామర పురుగే. అది ఆకును గీకిన గాయంలోంచి పుప్పొడిలోని వైరస్ లోపలికి పోతుంది. ఓరియస్ ఉన్నా లేకున్నా ముందు పూతకు రాకముందే వయ్యారిభామను పీకండి.

ఇక లెక్క. అమెరికాలోని ఫ్లోరిడాలో క్యాప్సికం పూలు పరిశీలించినప్పుడు, నూట ఎనభై తామర పురుగులకు ఒక ఓరియస్ ఉన్నా ఉధృతి తగ్గడం మొదలైంది, నలభైకి ఒకటి ఉంటే అదుపులోకి వచ్చింది. అక్కడి జాతులు వేరు, కాబట్టి ఆ అంకెలు మన మిరపకు అచ్చంగా సరిపోతాయనుకోవద్దు. మన లెక్క మనమే కట్టాలి.

అభ్యాసం: తోటలో నాలుగు సాళ్లకు మందు కొట్టకుండా వదలండి. రోజు మార్చి రోజు, ఎండ ముదరకముందే, అయిదు చోట్ల పదేసి పూలు దులపండి. తామర పురుగులు ఎన్ని, ఓరియస్ పెద్దవి ఎన్ని, పిల్లలు ఎన్ని, విడివిడిగా రాయండి. రెండు వారాలు చేయాలి. మందు కొట్టిన సాళ్లలోనూ అదే లెక్క, పక్క కాలమ్‌లో. ఆ కాగితం లేకుండా ఆరో పాఠంలో చెప్పేది మీకు పనికిరాదు.