గూటి నుంచి పడిన పిట్టపిల్లను కాపాడడం ఎలా?

తిరుపతిలో ఎండలు ముదిరేసరికి పెరటి మందార పొదల్లో పిగిలిపిట్టలు, గోడ కంతల్లో గోరింకలు పిల్లలను లేపుతాయి. వాటిలో ఒకటి కింద కనబడితే ముందుగా ఈకలు చూడాలి. ఒళ్లంతా ఈకలు వచ్చి, పొట్టి తోకతో గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. తల్లిదండ్రులు దానికి నేలమీదే మేత పెడతాయి కాబట్టి, దగ్గరి కొమ్మ ఎక్కించి, పిల్లినీ కుక్కనూ అటు రానివ్వకపోతే చాలు. తోలు కనబడుతూ ఈకలు ముళ్లలా మొలుస్తుంటే అది గూటిపిల్ల, దాన్ని తిరిగి గూట్లోనే పెట్టాలి. మనిషి చెయ్యి సోకితే తల్లి చేరనివ్వదన్నది వట్టి అపోహ. గూడు చెదిరిపోతే చిన్న వెదురుబుట్టలో ఎండుగడ్డి పరిచి, అదే చెట్టుకు నీడపట్టున కట్టాలి. ప్లాస్టిక్ డబ్బా వేడెక్కుతుంది కనుక వాడనే కూడదు. దూది గోళ్లకు చుట్టుకుంటుంది.

అందరూ పొరబడేది నీళ్ల దగ్గరే. పిల్ల నోరు తెరిస్తే దాహమని అనుకుంటారు గానీ, కొమ్మ అదిరినా అది మేత వచ్చిందనుకుని నోరు తెరుస్తుంది. ఆ ఎర్రని నోట్లోకి చూస్తే నాలుక మొదట్లో సన్నని చీలిక ఊపిరితో పాటు తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అదే గాలిగొట్టం. మనకు ఉన్నట్టు దానిమీద మూత ఉండదు కాబట్టి, చెంచాతోనో ఫిల్లరుతోనో పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నేను మొదటిసారి ఒక పిగిలిపిట్ట పిల్లకు జాలిపడి రెండు చుక్కలు పోశాను. ముక్కు రంధ్రాల దగ్గర బుడగలు వచ్చాయి, గంట తిరక్కుండానే అది నా అరచేతిలో చనిపోయింది. పిల్లకు కావలసిన తడి తల్లి తెచ్చే పురుగుల్లోనే ఉంటుంది. పాలన్నం పెడితే ప్రాణం లేచొస్తుందని మా వీధిలో ఇప్పటికీ నమ్ముతారు గానీ, పిట్టలకు పాలు అరగవు.

బుట్ట కట్టాక ఇంట్లోకి వెళ్లి కిటికీలోంచి చూడాలి, ఎందుకంటే మనిషి అక్కడే నిలబడి ఉంటే తల్లి దిగదు. రెండు గంటలైనా రాకపోయినా, పిల్లి కోరలు తగిలి ఉన్నా, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాత నూలుగుడ్డ పరిచి, దాంట్లో పిల్లను ఉంచి, అదేరోజు పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లి చేసిన గాయం చిన్నదైనా చీము పట్టి ప్రాణం తీయగలదు. రామచిలుక పిల్లయితే పంజరంలో పెట్టుకోకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. దాన్ని అటవీశాఖ వారికి అప్పగించాలి.