పెరట్లో మామిడిపళ్ళ విందు: మే నెలలో పాతికమందిని పిలవాలంటే

మే నెలలో పాతికమందిని ఇంటికి పిలిచి, హాల్లో ఇరికించి, ఏసీ చాలక అందరూ పేపర్లతో విసురుకుంటూ కూర్చోవడం కంటే పెరట్లో కూర్చోబెట్టడమే నయం. మాది ఏలూరు. ఇంటి వెనక ఒక వేపచెట్టు, రెండు కొబ్బరిచెట్లు, ఒక దబ్బచెట్టు, గోడవారగా కరివేపాకు, మల్లెపొదలు ఉన్న పెరడు. వేసవి సెలవులకు ఆడపడుచులు, మరిదిగారి కుటుంబం, హైదరాబాద్ నుంచి మా అబ్బాయి వాళ్ళు దిగినప్పుడు ఏటా ఒక సాయంత్రం అక్కడే మామిడిపళ్ళ విందు పెడతాను. క్యాటరింగ్ ఉండదు, బఫే ఉండదు. సాయంత్రం ఆరు దాటాక పొయ్యి వెలిగించకూడదు, అదొక్కటే నా రూలు. మిగతావన్నీ దాన్నిబట్టే.

ముందు పంచాంగం తీయండి. ముహూర్తం కోసం కాదు, వెన్నెల కోసం. పౌర్ణమినాడు గానీ, దానికి ముందు ఒకటి రెండు రోజుల్లో గానీ పెట్టుకుంటే పొద్దు గుంకేసరికే చంద్రుడు వచ్చేసి ఉంటాడు. పౌర్ణమి దాటితే రోజురోజుకీ ఇంచుమించు ముప్పావుగంట చొప్పున ఆలస్యం చేస్తాడు. బహుళ తదియనాడు విందు పెడితే వెన్నెల వచ్చేసరికి పిల్లలు నిద్రకు జోగుతుంటారు. శనివారం వద్దు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చాలామంది శనివారం రాత్రి అన్నం ముట్టరు, వాళ్ళ కోసం మళ్ళీ ఉప్మా కలియబెట్టాలి. ఆ రోజు పెళ్ళిళ్ళున్నాయేమో కూడా కనుక్కోండి. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. రోళ్ళు పగిలే ఎండలని ఊరికే అనలేదు, ఆ పక్షం రోజులు ముసలివాళ్ళను బయట కూర్చోబెట్టే పని పెట్టుకోకండి. నేను మే రెండు, మూడు వారాల్లోనే కానిచ్చేస్తాను. రసాలు జోరుగా దిగే రోజులు కూడా అవే. ఆ రోజుల్లో పౌర్ణమి పడకపోతే వెన్నెలను వదులుకుంటాను గానీ రసాలను వదులుకోను.

పిలవడంలో చిన్న కిటుకుంది. ‘ఏడింటికి భోజనాలు’ అంటే ఎనిమిదిన్నరకు వస్తారు. ‘ఐదున్నరకు ముంజలు’ అని చెప్పి చూడండి, ఐదుంబావుకే గేటు చప్పుడవుతుంది.

అయితే ఐదున్నరకు పెరట్లో నీడ ఉండాలి కదా. మా పెరడు ఇంటికి తూర్పున ఉంది కాబట్టి నాలుగు దాటితే ఇంటి నీడే కప్పేస్తుంది. మీది పడమటివైపు పెరడైతే పొద్దు వాలే ఆరున్నర దాకా ఎవర్నీ బయటికి పంపకండి, ముంజలేవో వరండాలోనే పెట్టేయండి. షామియానా మాత్రం వేయించవద్దు. గుడ్డ కింద వేడి నిలిచిపోతుంది, గాలివాన వచ్చిందంటే అది ఎగిరి ఎవరి మీద పడుతుందో తెలియదు.

పెరటి పని ఒక వారం ముందే మొదలుపెట్టాలి, దోమల వల్ల. గుడ్డు నుంచి దోమ అయ్యేసరికి వారం, పది రోజులు పడుతుంది. పూలకుండీల కింద పళ్ళేలు, కొబ్బరి చిప్పలు, మూలన పడేసిన టైరు, మూతలేని డ్రమ్ము, వీటిలో నిలవనీళ్ళు వారం ముందు ఒలకబోస్తే విందునాటికి దోమ తగ్గుతుంది. ముందురోజు ఒలకబోసి లాభం లేదు, పుట్టాల్సినవి అప్పటికే పుట్టి ఉంటాయి. ఎండుటాకులు, కట్టెల దొంతి, పగిలిన పెంకులు కూడా అప్పుడే తీయించండి. తేళ్ళూ పాములూ చేరేది అక్కడే. కొబ్బరిచెట్లకు ఎండుమట్టలు, ముదురుకాయలు దింపించండి. దింపించినా సరే, వాటి కింద నేను కుర్చీ వేయను.

నీళ్ళు చల్లడానికీ ఒక పద్ధతుంది. కాలిన నేల మీద మొదటిసారి నీళ్ళు పడితే ఆవిరి కొట్టి ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. అందుకే నాలుగింటికి ధారాళంగా ఒకసారి తడిపి, ఆ వేడి బయటికి పోయాక, ఐదు దాటాక కళ్ళాపి చల్లినట్టు పల్చగా ఇంకోసారి చల్లాలి. రెండోసారి పైపు వదిలారంటే బురదే.

తడినేల అన్నాను కాబట్టి కరెంటు సంగతి ఇక్కడే చెప్తాను. రెండు స్టాండు ఫ్యాన్లు తప్పనిసరి, గాలికోసమే కాదు, ఫ్యాను గాలిలో దోమ నిలవలేదు. వేపాకు పొగ వేస్తే దోమల కంటే ముందు మా పెద్దాడపడుచు లేచి లోపలికి వెళ్ళిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సును నేలమీద పెట్టకండి, స్టూలు మీద పెట్టి కట్టేయండి. అతుకులున్న వైరు వాడకండి, త్రీపిన్ ప్లగ్గే ఉండాలి. వైరును మనుషులు నడిచే దారిలో కాకుండా గోడవారగా తేవాలి. దీపాలకు పసుపురంగు బల్బులు పెట్టండి, తెల్లబల్బుకు వచ్చినన్ని పురుగులు వాటికి రావు. తెల్లబల్బు ఒకటి మాత్రం దూరంగా పెరటి చివర వెలిగించి, దాని కింద నీళ్ళ టబ్బు పెట్టండి. పురుగులన్నీ అటే పోతాయి. ముందురోజు వాన పడి ఉంటే ఉసిళ్ళు లేస్తాయి, అప్పుడు ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. కరెంటు పోతే కొవ్వొత్తులు గాలికి ఆగవు, రెండు ఛార్జింగ్ లైట్లు పొద్దున్నే ఛార్జింగ్‌లో పెట్టుకోండి.

ఇక గాలివాన. మే నెలలో మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగి, సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టి, ఈదురుగాలి లేవడం మనకు మామూలే. నేను మూడింటి నుంచి ఆకాశం చూస్తూనే ఉంటాను. ఫోన్లో దామిని యాప్ వేసుకుంటే చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చెప్తుంది. ఉరుము వినిపించిందంటే భోజనం సగంలో ఉన్నా సరే, అందరూ లోపలికి నడవాల్సిందే. చెట్టుకింద నిలబడడం అసలు వద్దు. అందుకే హాలూ వరండా ముందే ఖాళీ చేసి, చాపలు చుట్టి సిద్ధంగా పెడతాను.

ఇప్పుడు అసలు సంగతి, పళ్ళు. ఏలూరులో ఉండడం వల్ల నాకు అదృష్టం ఏమిటంటే, నూజివీడు మా జిల్లాలోనే ఉంది. రసాలకు అంతకన్నా పేరున్న ఊరు లేదు. పండినవి కొనకండి. విందుకు ఐదారు రోజుల ముందు పక్వానికి వచ్చిన కాయలు తెచ్చి మీరే మాగేయండి. గదిలో ఒక మూల వరిగడ్డి మందంగా పరచి, కాయలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పాలి. మూడోనాటి నుంచి రోజూ తీసి చూడాలి. రసం తయారైందో లేదో రంగు చూసి చెప్పలేం. చాలా రసాలు పచ్చగా ఉండగానే పండిపోతాయి. తొడిమ దగ్గర ముక్కు పెట్టి చూడండి, వాసన అక్కడే మొదలవుతుంది. తర్వాత బొటనవేలితో భుజం దగ్గర మెల్లగా నొక్కితే లోపల కదిలినట్టు అనిపించాలి. బజార్లో ఒంటినిండా ఒకే పసుపుతో మెరుస్తూ, వాసన లేకుండా, నొక్కితే గట్టిగా తగిలేవి కార్బైడ్ కాయలని అనుమానించండి. కార్బైడ్‌తో మాగబెట్టడం చట్టప్రకారం నిషిద్ధం, అయినా వాడేవాళ్ళు వాడుతూనే ఉన్నారు.

మా లెక్క ఇది: పది మంది పిల్లలతో కలిపి పాతికమందికి 7 డజన్ల రసాలు, కోసుకు తినేవాళ్ళ కోసం 5 కిలోల బంగినపల్లి. చిన్నరసం, పెద్దరసం రెండూ ఉండాలి. పెద్దరసంలో గుజ్జు ఎక్కువే గానీ తీపి చిన్నరసానిదే. చెరుకురసం అనే మామిడి రకం దొరికితే ఒక డజను దాచుకోండి, అందరికీ చెప్పకండి. గోదావరి అవతల నుంచి చుట్టాలొస్తే కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ళు తెమ్మని చెప్తాను. దాన్ని మించిన పండు లేదని వాళ్ళు, రసాలే గొప్పని మేము వాదించుకోవడానికైనా పనికొస్తుంది.

పళ్ళను మధ్యాహ్నం మూడింటికి గంగాళంలో నీళ్ళు పోసి వేసేయండి. తొక్కకు అంటిన సొన వదులుతుంది, పండులో వేడి దిగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన రసానికి వాసన చచ్చిపోతుంది, నేను ఒప్పుకోను. రసం తినడం రాని కోడళ్ళకూ అల్లుళ్ళకూ ఒకరు చూపించాలి: పండును రెండు అరచేతుల మధ్య తిప్పుతూ మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, మొదట వచ్చే రెండు చుక్కల జీడి పిండి పారేసి, అప్పుడు నోట పెట్టుకోవాలి. ఆ రెండు చుక్కలు వదలకపోతే పెదాల చివర పొక్కుతుంది. పిల్లలకు పాతబట్టలు వేసి పంపమని ముందే చెప్పండి.

ముంజలు ఏ రోజువి ఆ రోజే. పొద్దున చెట్టు దింపినవి సాయంత్రానికి అయిపోవాలి. మనిషికి నాలుగు చొప్పున వందకు చెప్పి పెడతాను, కాయలతో సహా తెమ్మంటాను. ముంజలు తీసేశాక ఆ తాటికాయ డొప్పలకు పుల్ల గుచ్చి, చక్రాలుగా చేసి, పంగకర్ర తగిలిస్తే పిల్లలకు బండి తయారు. మా వారు ప్రతి పిల్లాడికీ ఒకటి చేసి పెడతారు. ఫోన్లు ఎవరూ లాక్కోనక్కర్లేకుండా గంటన్నర గడిచిపోతుంది.

వంట ఎక్కువ పెట్టుకోకండి. మామిడికాయ పులిహోర, ముద్దపప్పు, కొత్త ఆవకాయ, నెయ్యి, గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు, పిల్లల కోసం బంగాళాదుంప వేపుడు, పెరుగన్నం. అంతే. ఆవకాయను విందుకు నాలుగు రోజుల ముందు పెడతాను. మూడోనాడు తిరగకలిపితే, నాలుగోనాటికి ఊట దిగి, ముక్క ఇంకా కరకరలాడుతూ ఉంటుంది. ముద్దపప్పులో కలుపుకోవడానికి ఆవకాయ అంత బాగా ఉండేది ఆ వారమే. పులిహోరకు కిలో బియ్యం, తెల్లన్నానికి కిలో, పెరుగన్నానికి ముప్పావు, పప్పు 600 గ్రాములు. వడియాలూ మిరపకాయలూ మధ్యాహ్నమే వేయించి గాలి చొరని డబ్బాలో పెట్టాలి. పులిహోర నాలుగున్నరకు, అన్నం, పప్పు ఐదున్నరకు దింపి హాట్‌ప్యాకుల్లో సర్దేస్తే ఆరింటికి వంటింట్లో దీపం ఆర్పేయొచ్చు.

పెరుగన్నం మాత్రం జాగ్రత్త. పొద్దున పెరుగుతో కలిపితే రాత్రికి నోట పెట్టలేం. మధ్యాహ్నం మూడింటికి అన్నం మెత్తగా వండి, చిదిమి, కాచిన పాలు గోరువెచ్చగా పోసి, చెంచాడు పెరుగు తోడు వేయండి. ఎనిమిదింటికల్లా తియ్యగా తోడుకుని ఉంటుంది. పోపు ఆరులోపే వేయించి పెట్టుకుని, ఉప్పుతో పాటు వడ్డించే ముందే కలపండి. ఇందులో రసం పిండుకు తినేవాళ్ళకు వేరే స్వీటు అక్కర్లేదు.

కొబ్బరిపచ్చడి, పెసరపప్పు వడపప్పు, క్రీము వేసిన ఫ్రూట్ సలాడ్ లాంటివి బయట విందులో పెట్టను. 32 డిగ్రీలు దాటిన వేడిలో వండిన పదార్థాలను గంటకు మించి బయట వదలకూడదు, మన ఊళ్ళో మే నెల సాయంత్రం ఏడింటికి కూడా అంత వేడి ఉంటుంది. వేడివి హాట్‌ప్యాకులో, చల్లనివి ఐస్ మధ్యలో ఉంచి, వడ్డనకు సరిపడా మాత్రమే బయటికి తేవాలి. ఐస్ ఫ్యాక్టరీ దిమ్మ గిన్నెల చుట్టూ పెట్టడానికే, అది గ్లాసుల్లోకి పోకూడదు. మా మరిదిగారు ఏటా చేపల పులుసు అడుగుతారు. పొద్దున చేసిన పులుసు సాయంత్రానికి ఇంకా బాగుంటుందని ఆయన వాదన, నిజమే. కానీ చేపల చేత్తో మామిడిపండు నాకు సరిపడదు. మీ ఇష్టం.

తాగడానికి మజ్జిగ. 2 లీటర్ల పెరుగుకు 8 లీటర్ల నీళ్ళు పోసి చిలికి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర దంచి వేసి, ఉప్పు కలిపి కుండలో పోయండి. ఆ తర్వాత నాలుగు లేత దబ్బాకులు చేతుల్లో నలిపి అందులో వేయాలి. నలిపితేనే వాసన దిగుతుంది, కోసి వేస్తే రాదు. అరగంట ఆగాక ఆకులు తీసేయండి, లేకపోతే చేదెక్కుతుంది. మంచినీళ్ళకు 20 లీటర్ల టిన్నులు రెండు ఉంటే సరిపోతుంది. పెద్దవాళ్ళు అడగరు కాబట్టి ఒక పిల్లను చెంబుతో తిరగమనండి.

కుర్చీలు టెంట్ హౌస్ నుంచి తెప్పిస్తాను, కాళ్ళనొప్పుల వాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. రెండు నవారు మంచాలూ, నాలుగు చాపలూ ఉంటే పిల్లలు కుర్చీల జోలికి రారు. పిల్లల బంతి ఏడింటికి, పెద్దల బంతి ఏడున్నరకు, రెండూ అరిటాకుల్లోనే. వండినవాళ్ళు వడ్డించకూడదు, ఇందులో నేను మొహమాటపడను. వడ్డన మగపిల్లలదీ, అల్లుళ్ళదీ. మొదట్లో నెయ్యి గిన్నె ఎక్కడుందని నాలుగుసార్లు అడుగుతారు, తర్వాత అలవాటవుతుంది. చేతులు కడుక్కోవడానికి ఒక పక్కన బకెట్లు, చెంబులు, సబ్బు, తువ్వాళ్ళు పెట్టండి. బాత్రూం దారిలో ఒక బల్బు వెలుగుతూ ఉండాలి.

తొక్కలకీ టెంకలకీ మూత ఉన్న బకెట్లు రెండు పెట్టి, ఎవరు ఎక్కడ కూర్చున్నా చేతికందేలా చూడండి. లేకపోతే ఈగలు, తెల్లారేసరికి చీమలు. తొక్కలు ఆ రాత్రే పాలబ్బాయికి కబురు చేస్తే గేదెలకు పట్టుకెళ్తాడు.

మర్నాడు మెత్తబడిన పళ్ళు ఓ డజనైనా మిగులుతాయి. వాటి రసం తీసి, కాస్త పంచదార కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో పల్చగా పోసి, పైన పల్చటి గుడ్డ కప్పి ఎండలో పెట్టండి. ఆరాక మళ్ళీ ఒక పొర. ఇలా నాలుగైదు పొరలు పడితే తాండ్ర వస్తుంది, ఊరెళ్ళే ఆడపడుచుల సంచుల్లో పెట్టొచ్చు. కుర్చీలు మాత్రం టెంట్ హౌస్ అబ్బాయి వచ్చేలోపే లెక్కపెట్టుకోండి. పిల్లలు వాటిని మేడమీదికి మోసుకెళ్ళి ఉంటారు.