ధర్మశాస్త్రం చదవడం – 4వ పాఠం: పిట్టగోడ ఎవరి కోసం?

ధర్మశాస్త్రమంటే బైబిల్లో మోషే ద్వారా దేవుడిచ్చిన ఆజ్ఞలు. అందులో నిర్గమకాండం 20వ అధ్యాయంలో, పది ఆజ్ఞల్లో మొదటిదానికి ముందు ఏముందో చూసి రమ్మన్నాను కదా పోయిన పాఠంలో. రెండో వచనం: ఐగుప్తు (ఈజిప్టు) దాసత్వంలో నుంచి మిమ్మల్ని బయటికి తెచ్చింది నేనే అంటాడు దేవుడు ఇశ్రాయేలీయులతో. విడుదల ముందు, ఆజ్ఞ తర్వాత. ఈ వరస మనసులో పెట్టుకుంటే ఈ రోజు పని సగం తేలికవుతుంది.

ఈసారి నేర్చుకునేది ఒక్క ప్రశ్న. ఏ ఆజ్ఞ కంటపడినా "ఇది లేకపోతే దెబ్బ తినేదెవరు?" అని అడగండి. దొరికిన మనిషిని పెన్సిలుతో వచనం పక్కన రాసుకోండి. బైబిల్లో గీతలు గీయడం ఇష్టం లేనివాళ్లు నోటుబుక్కు పెట్టుకోండి.

ద్వితీయోపదేశకాండం 22:8 తీయండి. కొత్త ఇల్లు కట్టేటప్పుడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలి, లేకపోతే ఎవరైనా పడితే ఆ దోషం ఇంటి మీదికి వస్తుంది. చిత్తూరు పల్లెల్లో దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఎండాకాలం రాత్రి చాపలు మిద్దె మీదికే ఎక్కుతాయి. చింతపండు, మిరపకాయలు, వడియాలు ఎండేదీ అక్కడే. ఇశ్రాయేలీయుల ఇళ్లూ అలాంటి చదును కప్పులవే. యెరికోలో రాహాబు అనే ఆమె ఇశ్రాయేలీయుల వేగులవాళ్లను జనుపకట్టె కింద దాచింది మిద్దె మీద (యెహోషువ 2:6). యొప్పేలో యేసు శిష్యుడు పేతురు మధ్యాహ్నం ప్రార్థనకు ఎక్కింది కూడా మిద్దె మీదికే (అపొస్తలుల కార్యములు 10:9).

ఇక ప్రశ్న వేయండి. ఇంటాయనకు అంచు ఎక్కడుందో చీకట్లో కూడా తెలుసు. తెలియనిది ఊరి నుంచి వచ్చిన చుట్టానికి, పాకే బిడ్డకు, పనికొచ్చిన కూలీకి. ఇటుకల ఖర్చు ఇంటాయనది, నిలిచే ప్రాణం వాళ్లది. పైగా ఎవరో పడ్డాక కాదు, ఇల్లు లేస్తున్నప్పుడే కట్టమంటోంది. ఎప్పటికో పై అంతస్తు వేస్తామని స్తంభాల కమ్మీలు పైకి వదిలి, పిట్టగోడ సంగతి తర్వాత చూద్దామనుకునే ఇళ్లు మన తిరుపతి శివార్లలో తక్కువా!

ఇదే ప్రశ్న నిర్గమకాండం 21:33-34 దగ్గర వేయండి. గొయ్యి తవ్వి కప్పకుండా వదిలేస్తే, అందులో ఎద్దో గాడిదో పడి చస్తే, దాని వెల తవ్వినవాడే ఇచ్చుకోవాలి. నేనైతే ఈ వచనం చదివిన ప్రతిసారీ నీళ్లు పడని బోర్ల దగ్గరే ఆగిపోతాను. వెయ్యి అడుగులు దిగినా చెమ్మ తగలక, కేసింగ్ పైపు కూడా పీకేసుకుని పోతే మిగిలేది ఆ నోరు తెరిచిన బొక్క. వదిలేసిన బోరుబావులను పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది, పిల్లలు పడిపోతున్నారు గనక. మోషే ధర్మశాస్త్రం ఎద్దు కోసమే ఆ మాట చెప్పింది. ఎద్దు పక్కన ఇంకెవరిని రాస్తారో మీరే చూసుకోండి.

ఒక జాగ్రత్త. ఈ తాళంచెవి అన్ని తలుపులకూ పట్టదు. పిట్టగోడ వచనానికి మూడు వచనాల కిందే ఉన్నీ జనుపనారా కలిపి నేసిన బట్ట వేసుకోవద్దని ఉంది. దానికీ ఏదో ఆరోగ్య కారణం అల్లి చెప్పే ప్రసంగాలు విన్నాను, నాకు నచ్చలేదు. జవాబు దొరకని చోట పక్కన ఖాళీ వదిలేయండి.

ఇంకొకటి. ఈ కాపుదల చూసి, ఆజ్ఞలు పాటిస్తే నీతిమంతులమైపోతామని అనుకోకండి. అపొస్తలుడైన పౌలు గలతీయులకు రాసిన పత్రిక 3:24లో ధర్మశాస్త్రాన్ని బాలశిక్షకుడు అన్నాడు. ఆ గ్రీకు మాటకు అసలు అర్థం పంతులు కాదు, యజమాని బిడ్డను దారిలో కనిపెట్టుకుంటూ బడికి తీసుకుపోయే దాసుడు. ఆ దాసుడి చెయ్యి పట్టుకుని క్రీస్తు దాకా ఎలా నడవాలో 5వ పాఠంలో.

అంతలోపు ద్వితీయోపదేశకాండం 24:6, 24:10-13 చదవండి. తిరగలిని కుదవ పెట్టించుకోకూడదట, అప్పిచ్చినవాడు గడప దాటి లోపలికి పోకూడదట, పేదవాడి దుప్పటి పొద్దుగూకేసరికి తిరిగి ఇచ్చేయాలట. మూడింటి పక్కనా మనుషులను రాయండి. తిరగలి దగ్గర తొందరపడొద్దు, ఆ ఇంట్లో రేపు పొద్దున పొయ్యి మీద ఏముంటుందో ఆలోచించి రాయండి.