గోడ మీది గ్రాఫిటీ: చెరపాలా, ఉంచాలా ఎలా తేల్చుకోవాలి

గోడల మీద స్ప్రే రంగుతో వేసే రాతలను, బొమ్మలను, అంటే గ్రాఫిటీని, తీయడం నా పని. అనుమతి ఉన్న గోడ దొరికితే, బొమ్మ వేసేవాళ్లకు దాన్ని గోకి, రంగు కింద వేసే ప్రైమర్ కొట్టి సిద్ధం చేసిచ్చేదీ నేనే. అందుకే ఈ పంచాయితీ రెండు వైపుల నుంచీ నా దగ్గరికి వస్తుంది. గ్రాఫిటీ కళా, లేక గోడ పాడుచేయడమా? గోడ ఉన్నవాళ్లూ అడుగుతారు, బొమ్మ వేసిన కుర్రాళ్లూ అడుగుతారు.

అది ఒక ప్రశ్న కాదు, రెండు. బొమ్మ ఎలాంటిది అన్నది ఒకటి. గోడకీ, ఆ గోడ చూసుకునే మనిషికీ ఏం జరిగింది అన్నది ఇంకోటి. రెండూ కలిపి అడిగితే తెల్లవార్లూ వాదించుకున్నా తెగదు. విడదీసి చూడటం ఎలాగో చెబుతాను.

ముందు గోడ, తర్వాతే బొమ్మ

బొమ్మ కళ్లను లాగేస్తుంది కాబట్టి కావాలనే ముందు గోడ దగ్గరికి వెళ్లండి. రంగు పడని ఒక మూల నాలుగు నీటి చుక్కలు చల్లండి. చుక్కలు జారిపోతే గోడకు పెయింటో, పూతో ఉన్నట్టు. వెంటనే పీల్చుకుని మచ్చ కట్టిందంటే ఆ రాయికీ ఇటుకకీ సన్నటి రంధ్రాలున్నాయి, స్ప్రే రంగు కూడా అలాగే లోపలికి దిగి ఉంటుంది.

పెయింట్ వేసిన ప్లాస్టరు గోడైతే పెద్ద బాధ లేదు. మరకను ఆపే ప్రైమర్ ఒక కోటు, దాని మీద రంగు. ప్రైమర్ వేయకుండా నేరుగా రంగు కొడితే ఎరుపు, మార్కర్ ఇంకు కొన్నాళ్లకు మళ్లీ పైకి తేలతాయి. ఇసుకరాయి, పెయింట్ లేని ఇటుక అయితే కథ వేరు. రంగు తీసే జెల్ రాసి, కాసేపు ఉంచి, ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్ది కడిగినా అక్షరాల నీడ మిగిలిపోతుంది. ఆ నీడను కూడా పోగొట్టాలని కడిగే నీటి ప్రెషర్ పెంచితే రాయి పైపొరే ఊడొస్తుంది. ఇటుకకైతే కాలిన గట్టి పొర పోయి, ఆ తర్వాత ప్రతి వానకూ నీళ్లు తాగుతుంది. గాజును గీకినా, యాసిడ్‌తో రాసినా కడగడమన్న మాటే లేదు, పాలిష్‌కు పోకపోతే అద్దం మార్చాల్సిందే. పాత రాతి మీద చెక్కిన పేరుకి అసలు మందే లేదు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన అమెరికా కళాకారుడు కీత్ హేరింగ్ బొమ్మలున్నాయి. 1980ల మొదట్లో ఆయన న్యూయార్క్ సబ్‌వే (భూగర్భ రైలు) స్టేషన్లలో, గడువు తీరిన ప్రకటనల మీద అంటించే నల్ల కాగితంపై తెల్ల సుద్దముక్కతో గీసేవారు. పోలీసులు పట్టుకున్నారు కూడా. గోడ వైపు నుంచి చూస్తే మాత్రం అక్కడ పోయిందేమీ లేదు, కాగితం మారిస్తే సరి.

కాబట్టి కాగితం మీద రాసుకోవాల్సిన మొదటి మాట ఇది: పూర్తిగా పోతుందా, నీడ మిగులుతుందా, ఎప్పటికీ పోదా.

అనుమతి సంగతి

గోడ ఎవరిదో కనుక్కోండి, వాళ్లు ఒప్పుకున్నారో లేదో అడగండి. అందమైన బొమ్మ అనుమతి లేకుండా వేసిందై ఉండవచ్చు, చూడ్డానికి గజిబిజిగా ఉన్నది పిలిచి వేయించుకున్నదై ఉండవచ్చు. బొమ్మ చూసి ఊహించకండి. బ్రెజిల్ ఈ తేడాను చట్టంలోనే పెట్టింది. అక్కడ గోడల మీద పిచాసావో అనే రాతలు నేరం. యజమాని ఒప్పుకున్న గోడ మీద కళగా వేసిన గ్రాఫిటీ నేరం కాదని 2011లో చట్టం మార్చారు.

అనుమతి నోటిమాటగా ఉంటే చాలదు, కాగితం మీద ఉండాలి. ఏ గోడ, ఎంత మేర, ఎన్నాళ్లు, రంగు వెలిసిపోతే మళ్లీ ఎవరు వేయాలి, తీసేయాల్సి వస్తే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, అన్నీ రాసుకోవాలి. ఆఖరిది మరీ ముఖ్యం. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో 5పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ భవనం గోడల మీద, యజమాని అనుమతితోనే ఏళ్ల తరబడి బొమ్మలు వేశారు. అక్కడ అపార్ట్‌మెంట్లు కట్టాలనుకున్న యజమాని 2013 నవంబరులో రాత్రికి రాత్రే వాటి మీద తెల్లరంగు కొట్టించేశారు. కళాకారులు కోర్టుకెళ్లారు. అమెరికాలో 1990 నాటి దృశ్య కళాకారుల హక్కుల చట్టం కింద 21 మందికి 67.5 లక్షల డాలర్లు ఇవ్వాలని 2018లో తీర్పొచ్చింది, 2020లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. గోడ యజమానిదే. దాని మీది పనికి మాత్రం వేరే హక్కు ఉందని ఆ తీర్పు తేల్చింది. ముందుగా నోటీసిచ్చి, అనుమతులొచ్చాక పద్ధతిగా కూల్చుకుని ఉంటే అంత దూరం వచ్చేది కాదేమో.

చేతిపని చదవడం

ఇప్పుడు బొమ్మ చూడండి. గ్రాఫిటీ వేసేవాళ్లలో మూడు రకాల పనులు నడుస్తాయి. ఒకే రంగుతో, ఒకే ఊపులో పేరు రాసి పోయేది ట్యాగ్. రెండు రంగులతో ఉబ్బెత్తు అక్షరాలు గబగబా వేసేది త్రోఅప్. తీరిగ్గా, ఎన్నో రంగులతో వేసేది పీస్.

దగ్గరికెళ్లి గీత అంచు చూడండి. సన్నగా, పదునుగా ఉందంటే స్ప్రే క్యాన్‌ను గోడకు దగ్గరగా పట్టి, చేతిని వేగంగా లాగారు. అలా దగ్గరగా పట్టుకుని ఒక్క క్షణం తడబడ్డా రంగు కారిపోతుంది. ఒక రంగు ఇంకో రంగులోకి మెత్తగా కలిసిందంటే క్యాన్ దూరంగా పట్టి, కొద్దిగా వంచి కొట్టారు. పీస్ అయితే లేత రంగు గీతలతో కొలత వేసుకుని, లోపల నింపి, అవుట్‌లైన్ చివర్లో లాగుతారు. నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి మెట్టు. లావుగా పడ్డ అవుట్‌లైన్‌ను లోపలి రంగుతోనే మళ్లీ కొట్టి కోసుకుంటూ వస్తారు, మూల కత్తితో తెగినట్టు వస్తుంది. అలాంటి మూల కనబడిన గోడ ముందు నేను జెల్ డబ్బా కింద పెట్టేసి చాలాసేపు నిలబడతాను. అది ఏళ్ల సాధన లేకుండా వచ్చేది కాదు.

ట్యాగ్‌ను ఎవరూ లెక్కచేయరు. అది సరికాదనుకుంటాను. ఇదంతా ట్యాగ్ నుంచే పెరిగింది. న్యూయార్క్ అంతటా తన పేరు, తన వీధి నంబరు కలిపి టాకీ 183 అని రాసుకుంటూ పోయిన కుర్రాడి గురించి 1971లోనే న్యూయార్క్ టైమ్స్ రాసింది. మంచి ట్యాగ్‌లో అక్షరాల నడక, తూకం, చివరి తోక ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యి ఉంటాయి. నా కంటికది కళే. కానీ ఒక చిన్న దుకాణం షట్టర్ మీద నెలకోసారి అదే పడుతుంటే, దుకాణదారు ప్రతిసారీ డబ్బిచ్చి చెరిపించుకుంటుంటే, కళే అని ఒప్పుకుంటూనే చెరిపేస్తాను.

కింద ఏముందో కూడా చూడాలి. వేసేవాళ్లలోనే ఒక మర్యాద ఉంది: ట్యాగ్ మీద త్రోఅప్ వేయవచ్చు, త్రోఅప్ మీద పీస్ వేయవచ్చు, పీస్ మీద ట్యాగ్ కొట్టకూడదు. చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా వేసిన గోడ జోలికి అసలే పోకూడదు. 1990లో బెర్లిన్ గోడ మిగిలిన భాగం మీద, 1.3 కిలోమీటర్ల పొడవున, దేశదేశాల కళాకారులు వేసిన ఈస్ట్ సైడ్ గ్యాలరీ చూడండి. ఎండావానలకు తోడు, చూడ్డానికొచ్చినవాళ్లు ఆ బొమ్మల మీదే పేర్లు రాసిపోతే, 2009లో మళ్లీ వేయాల్సొచ్చింది. గోడ అదే, క్యాన్ అదే. ఒకటి బొమ్మ, ఇంకోటి బొమ్మకు తగిలిన దెబ్బ.

రెండు జవాబులూ ‘అవును’ అయితే

బొమ్మ బాగుంది, గోడకు నష్టం లేదు, అనుమతి ఉంది: ఉంచండి. బొమ్మలో ఏమీ లేదు, గోడ పాడైంది: తీసేయండి. ఎవరినైనా కించపరిచే, బెదిరించే రాతైతే ఈ తూకాలన్నీ పక్కనపెట్టి ఫొటో తీసి, ఫిర్యాదిచ్చి, అదే రోజు చెరిపేయండి. దాన్ని చదువుకుంటూ రోజూ ఆ దారిన నడవాల్సిన మనిషి ఉంటాడు.

చిక్కంతా కళా అవును, నష్టమూ అవును అన్నప్పుడే. 2025 సెప్టెంబరులో, తానెవరో బయటపెట్టని బ్రిటన్ వీధి కళాకారుడు బ్యాంక్సీ లండన్‌లోని రాయల్ కోర్ట్స్ ఆఫ్ జస్టిస్ గోడ మీద, కింద పడ్డ నిరసనకారుణ్ణి సుత్తితో కొడుతున్న జడ్జి బొమ్మ వేశారు. అది రక్షణలో ఉన్న చారిత్రక భవనం. కొద్ది రోజుల్లోనే రుద్దేశారు, అయినా రాతి మీద బొమ్మ నీడ మిగిలింది. అది బలమైన బొమ్మే, రాయికి దెబ్బ తగిలిన మాటా నిజమే. వేసినవాడు పేరున్నవాడని రెండో మాట దాచకూడదు, నేరమని కేసు పెట్టినంత మాత్రాన మొదటి మాట మింగకూడదు.

ఇలాంటప్పుడు నిర్ణయం గోడ చూసుకునేవాళ్లదే అని నా అభిప్రాయం. మరమ్మతు ఖర్చు వాళ్లది, రోజూ చూసేదీ వాళ్లే. కానీ తొందరపడొద్దు. మెల్బోర్న్‌లో 2010లో, వీధి బొమ్మలకు పేరున్న హోసియర్ లేన్‌లో, పారాచూట్‌తో దిగుతున్న బ్యాంక్సీ ఎలుకను అదేమిటో తెలియని శుభ్రం చేసే పనివాళ్లు రంగుతో కప్పేశారు. పగటి వెలుగులో తిన్నగా ఎదురుగా నిలబడి మొత్తం గోడకు ఒక ఫొటో, సంతకానికి ఇంకొకటి తీయండి. సంతకం పట్టుకుని వేసినవాళ్లను వెతకండి, చుట్టుపక్కలవాళ్లను అడగండి. రాతి మీద రంగు ఆరేకొద్దీ తీయడం కష్టమవుతుంది కాబట్టి అక్కడ ఒకటి రెండు రోజులకు మించి ఆగొద్దు. పెయింట్ గోడైతే నెల ఆగినా మునిగేదేమీ లేదు.

తీయాలనే నిర్ణయించుకుంటే ముందు అరచేతి మేర ఒక మూలలో జెల్ పరీక్షించి, ఆరాక చూసి, అప్పుడే మిగతాది మొదలుపెట్టండి. తీశాక పాత రాతికి ప్లాస్టిక్ లాంటి శాశ్వత పూత వేయించవద్దు, లోపలి తేమ బయటికి రాలేక రాయి పొరలు పొరలుగా ఊడుతుంది. వేడినీళ్లతో పోయే మైనం పూత వేయిస్తే, తర్వాత ఎవరైనా రాసినా రాత మైనంతోనే దిగిపోతుంది. ఆ తర్వాత మళ్లీ మైనం పూయించాలి.