ముద్దమంచులో స్కీయింగ్: ఏ ఇబ్బందికి ఏది కారణం, ఏం చేయాలి

సీజన్ చివరి వారాల్లో కొండ మీది మంచు పగటిపూట నీళ్లోడుతూ ముద్దగా తయారవుతుంది. "ఇక మంచు పోయింది" అంటూ చాలామంది స్కీలు సర్దేస్తారు. మిగిలినవాళ్లలో కొందరు నడి చలికాలంలో చేసినట్టే చేయబోయి, రెండు మూడు రన్‌లకే (పైనుంచి కిందికి జారే దఫాలకే) తొడలు పట్టేసి కూర్చుంటారు. నాకు ఈ మంచంటే ఇష్టం. దాన్ని అర్థం చేసుకోకుండా వదిలేసేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. ఇందులో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం మంచు గింజల మధ్య చేరిన నీరే. ఆ నీరు ఎప్పుడు గడ్డకట్టింది, ఎప్పుడు కరుగుతోంది, స్కీ కింద ఏం చేస్తోంది అని చూసుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

సమస్య: పొద్దున గట్టి ఐసు, మధ్యాహ్నానికి ముద్ద

మంచు పగలు కరిగి రాత్రి గడ్డకడుతుంది. ఇలా రోజుల తరబడి జరిగితే చిన్న రేణువులు కలిసిపోయి పెద్ద గుండ్రటి గింజలవుతాయి. స్కీయర్లు కార్న్ స్నో అనేది దీన్నే. పైన రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడి, కింద గట్టి పొర ఇంకా నిలిచి ఉన్న గంటా రెండు గంటలు స్కీయింగ్‌కి బంగారం లాంటి సమయం. దానికి ముందు వెళ్తే ఎడ్జ్‌లు (స్కీ అంచుల లోహపు పట్టీలు) గడగడలాడతాయి, తర్వాత వెళ్తే దిగబడతారు.

కాబట్టి మొదటి పరిష్కారం టైమింగ్. ముందురోజు రాత్రి ఆకాశం ఎలా ఉందో చూడండి. మబ్బు లేకపోతే మంచు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలి ఉష్ణోగ్రత సున్నా కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువున్నా పైపొర గడ్డకట్టగలదు. మబ్బు పట్టి ఉంటే ఆ వేడి బయటికి పోదు, పొద్దున్నే మంచు మెత్తగా ఉంటుంది. అలాంటి రోజున త్వరగా మొదలుపెట్టి త్వరగా ముగించడమే మేలు.

తర్వాత ఎండ వెంట నడవండి. ఉత్తరార్ధగోళంలో ముందు తూర్పు వాలు మెత్తబడుతుంది, ఆ తర్వాత దక్షిణం, మధ్యాహ్నం పడమర, అన్నిటికంటే ఆలస్యంగా ఉత్తరం. దక్షిణార్ధగోళంలో ఉత్తర దక్షిణాలు తారుమారవుతాయి. రోజంతా ఒకే రన్ (జారే దారి) పట్టుకుని వేలాడితే మంచి మంచు పక్క వాలులోనే ఉండి చేజారిపోతుంది. అక్కడ కూడా ముద్దైపోతే లిఫ్ట్‌లో ఇంకా పైకి వెళ్లండి, ఎత్తు పెరిగేకొద్దీ మంచు ఆలస్యంగా కరుగుతుంది.

రేసు ట్రాకుల మీద ఉప్పు చల్లడం మీరు చూసే ఉంటారు. ఉప్పు తగిలినచోట కొంత మంచు కరుగుతుంది. ఆ కరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న మంచు నుంచే లాక్కుంటుంది కాబట్టి గింజల మధ్య నీరు మళ్లీ గడ్డకట్టి కాసేపు గట్టిపడుతుంది.

సమస్య: స్కీ జారడం లేదు, ఎవరో కింద నుంచి పట్టి లాగుతున్నట్టుంది

ముద్దమంచులో ఎక్కువ మందిని వేధించేది ఇదే. చదునుగా ఉన్న దారిలో అందరూ పోల్స్‌తో (చేతికర్రలతో) తోసుకుంటూ పోవడం దీనివల్లే.

స్కీ జారడానికి పల్చటి నీటి పొర కొంత అవసరం. అది మరీ ఎక్కువైతే స్కీ అడుగున ఉండే నున్నటి బేస్ తడి మంచుకు అతుక్కుంటుంది. తడిసిన గాజుపలకలు రెండిటిని ఒకదానిపై ఒకటి పెడితే విడదీయడం ఎంత కష్టమో తెలుసుగా, ఇక్కడా జరిగేది అదే. దీనికి తోడు వసంతంలో మంచు మీద పుప్పొడి, దుమ్ము, మంచును చదును చేసే గ్రూమింగ్ యంత్రాల నూనె మరకలు పేరుకుంటాయి. అవి బేస్‌కి అంటుకుని జారుడును ఇంకా చంపేస్తాయి.

ముందు బేస్ తుడవండి. మురికి పట్టిన బేస్ మీద కొత్త వాక్స్ (జారుడు కోసం పూసే మైనం) వేస్తే మురికిని లోపల పెట్టి మూసినట్టే. మెత్తటి వాక్స్ కరిగించి వేసి, ఇంకా వేడిగా ఉన్నప్పుడే గీకేస్తే మురికి దాంతోపాటు వచ్చేస్తుంది. ఆ తర్వాత వెచ్చటి మంచుకు తగిన వాక్స్ వేయాలి, చాలా కంపెనీల్లో అది పసుపు రంగులో ఉంటుంది. చల్లారాక బాగా గీకి, బ్రష్‌తో ఓపిగ్గా రుద్దండి. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. బేస్ మీది సన్నటి గీతలే నీటి పొరను తెంచి బయటికి పంపుతాయి. వాటిలో వాక్స్ నిండిపోతే మీరు పడ్డ శ్రమంతా వృథా. ఆ గీతలు తడి మంచుకు లోతుగా, ముతకగా ఉండాలి, చలికాలపు పొడి మంచుకు సన్నగా ఉండాలి. ఏటా వసంతంలో స్కీ చేసేవాళ్లు షాపులో స్టోన్ గ్రైండింగ్‌కి (బేస్‌ను సాన రాయితో అరగదీయడానికి) ఇచ్చి ముతక గీతలు పెట్టించుకుంటే డబ్బు దండగ కాదు. కొండ మీద అప్పటికప్పుడు రుద్దుకునే పేస్ట్ వాక్స్ కూడా పనిచేస్తుంది, కొన్ని రన్‌ల వరకే.

పాతకాలపు ఫ్లోరిన్ వాక్స్ తడి మంచులో బాగా పనిచేసేది నిజమే. అందులోని రసాయనాలు నేలలో, నీటిలో ఏళ్ల తరబడి పోకుండా ఉండిపోతాయి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి తన పోటీల్లో దాన్ని పూర్తిగా నిషేధించింది. ఇంట్లో పాత డబ్బా మిగిలి ఉన్నా వాడకండి. మనం వదిలేది చివరికి కరిగి వాగుల్లోకే పోతుంది.

నీడలోంచి ఎండలోకి రాగానే స్కీ ఒక్కసారిగా బ్రేక్ పడ్డట్టు ఆగి, ఒళ్లు ముందుకు తూలుతుంది. నీడా ఎండా కలిసే ఆ చోటు దూరం నుంచే కనిపిస్తుంది. దాన్ని చేరేముందు ఒక పాదం కాస్త ముందుకు జరిపి, మోకాళ్లు వదులుగా ఉంచండి. చదును దారి రాబోతోందంటే ముందు నుంచే వేగం నిలుపుకోండి.

సమస్య: మలుపు తిరగబోతే స్కీలు చెరో దిక్కుకు పోతున్నాయి

మధ్యాహ్నానికి అందరూ తొక్కిన మంచు కుప్పలుగా పోగవుతుంది. గట్టి మంచు మీద బరువంతా బయటి స్కీ (మలుపుకు బయటి పక్కనున్నది) మీద వేసే అలవాటు ఇక్కడ ఎదురుతిరుగుతుంది. బరువు పడిన స్కీ దిగబడుతుంది, బరువు లేని స్కీ కుప్పకు తగిలి పక్కకు పోతుంది.

పాదాలు కొంచెం దగ్గరకు తెచ్చి, బరువు ఇంచుమించు ఆరు పాళ్లు బయటి స్కీ మీద, నాలుగు పాళ్లు లోపలి స్కీ మీద పంచండి. ఎడ్జ్‌ని ఒక్కసారిగా గుచ్చకుండా నెమ్మదిగా వంచుతూ పోవాలి. మలుపు గుండ్రంగా, నిదానంగా సాగనివ్వండి. భయంతో వేగం మరీ తగ్గిస్తే ప్రతి కుప్పా మిమ్మల్ని ఆపుతుంది, కాస్త వేగం ఉంటే కుప్పను చీల్చుకుని పోతారు. వెనక్కి వాలి కూర్చోవద్దు. చేతులు ముందుంచి, పోల్ అలా తాకించి వదిలేయండి. స్కీ అద్దెకు తీసుకునేవాళ్లు స్కీ మధ్యభాగం (నడుము) వెడల్పు 90 నుంచి 100 మిల్లీమీటర్లు ఉన్నది అడగండి, అది అంతగా దిగబడదు.

సమస్య: బూటు బైండింగ్‌లో పడటం లేదు

బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపే బైండింగ్. బూటు అడుగున తడి మంచు గట్టిగా అంటుకుని ఉంటుంది. పోల్ మొనతో గీకేయండి, బైండింగ్ మీద ఉన్నదీ తుడవండి. బలవంతంగా తొక్కి బిగించకండి, మధ్యలో మంచు ఇరుక్కుంటే పడినప్పుడు బైండింగ్ సరిగా విడిపోకపోవచ్చు.

సమస్య: మెల్లగా పడ్డా మోకాలు తిరిగింది

తడి మంచులో స్కీ చిక్కుకుని ఆగిపోతుంది, ఒళ్లు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మామూలు బైండింగ్ ముందు పక్క అడ్డంగా, వెనక పక్క పైకి విడిపోయేలా తయారవుతుంది. వెనక్కి కూలబడుతూ మెల్లగా మెలితిరిగే పడటంలో అది విడిపోకముందే మోకాలి లిగమెంట్ తెగే ప్రమాదం ఉంది. పడుతున్నామని తెలిశాక లేవడానికి పెనుగులాడకండి, జారడం పూర్తిగా ఆగాకే లేవండి. బైండింగ్ సెట్టింగ్ మీరే వదులు చేసుకోవద్దు, షాపులో టెక్నీషియన్‌తో చూపించండి. మోకాలు వాచినా, "టప్" మన్న శబ్దం వినిపించినా ఆ రోజుకు ఆపేసి స్కీ పెట్రోల్‌ని (కొండ మీది రక్షణ సిబ్బందిని) పిలవండి. కాళ్లు అలసిపోయాక చేసే ఆఖరి రన్ మానుకోమని నా గట్టి సలహా.

సమస్య: రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట

అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాల్చేస్తాయి. శుభ్రమైన మంచు వాటిలో 80 శాతం వరకు తిప్పికొడుతుంది, ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు అవి దాదాపు 10 శాతం పెరుగుతాయి. మంట కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది కాబట్టి కొండ మీద తెలియదు. కాంటాక్ట్ లెన్స్ తీసేసి, చీకటి గదిలో చల్లటి గుడ్డ వేసుకోండి, కళ్లు నలపకండి. తగ్గకపోతే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. మబ్బు రోజైనా గాగుల్స్ తీయొద్దు, సన్‌స్క్రీన్ గడ్డం కింద కూడా రాయండి.

సమస్య: వాలు మీద మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నాయి, బూటు పిక్కల దాకా దిగుతోంది

గుర్తులు పెట్టిన రన్‌లు దాటి వెళ్లేవాళ్లకు ఇది ప్రమాద సూచన. గింజల మధ్య పట్టు నీటితో వదిలిపోయింది, తడి మంచు ఒక్కసారిగా కిందికి విరుచుకుపడే హిమపాతం (అవలాంచ్) రావచ్చు. 30 డిగ్రీలు దాటిన ఎండ వాలు మీద ఉంటే వెంటనే తప్పుకుని తక్కువ వాలుకు వెళ్లండి. అలాంటి వాలు కింద నిలబడి భోజనం కూడా చేయకండి. మంచులో అడ్డంగా చీలికలు కనిపిస్తే వాటి కింద నుంచి వెళ్లొద్దు. రాత్రి గడ్డకట్టలేదంటే ఆ రోజు ఆఫ్‌పిస్ట్ (రన్‌లు దాటి వెళ్లే) ప్లాన్ మానేయాలి, పొద్దున్నే స్థానిక హిమపాత బులెటిన్ చదవాలి. రన్ మూసేశారంటే పైనున్న వాలు వల్ల కావచ్చు, తాడు దాటి వెళ్లకండి.

సమస్య: మర్నాటికి ఎడ్జ్‌లు తుప్పు, బూట్లు తడి

సాయంత్రం స్కీలు పూర్తిగా తుడిచి, రెండిటినీ కలిపి కట్టకుండా విడిగా ఆరబెట్టండి. పట్టిన పల్చటి తుప్పును గమ్మీ స్టోన్ (రబ్బరులాంటి రుద్దుడు దిమ్మ) తీసేస్తుంది. రాళ్లు తగిలి ఎడ్జ్ మీద లేచిన మొనలకు డైమండ్ స్టోన్ వాడాలి. బూట్ లైనర్లు (లోపలి మెత్తటి తొడుగులు) బయటికి తీసి ఆరబెట్టండి, హీటర్‌కి ఆనించి పెట్టకండి. సీజన్ అయిపోయాక బేస్‌ని శుభ్రం చేసి, ఎడ్జ్‌లను కూడా కప్పేలా వాక్స్ మందంగా వేసి గీకకుండా వదిలేయండి. మళ్లీ మంచు పడ్డాక గీకితే సరిపోతుంది.