తల తిప్పే దయ్యానికి పాత ఫ్యాను చాలు

అక్టోబరు వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో హాలోవీన్ పండక్కి ఇళ్ల ముందు దయ్యం బొమ్మలు పెడతారు. పిల్లల గోల ఒకటే: పక్కింటి దయ్యం కదులుతుంది, మనది కదలదని. షాపులో కదిలే బొమ్మ కొందామంటే వంద డాలర్లు దాటుతోంది. గరాజ్ సేల్‌లో (ఇంటి ముందు పాత సామాను అమ్మే చోట) 5 డాలర్లకు దొరికిన స్టాండు ఫ్యానుతో మాకు పని అయిపోయింది.

ప్లగ్ తీసి ముందు జాలీ, రెక్కలు విప్పేయండి. రెక్కల నట్టు మాత్రం గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పితే వదులవుతుంది. వెనక జాలీ అలాగే ఉంచి, దానికి థర్మాకోల్ తలను నాలుగు జిప్ టైలతో (లాగి బిగించే ప్లాస్టిక్ పట్టీలతో) బిగించండి. పైన పాత నల్ల దుప్పటి. ఫ్యాను అటూ ఇటూ తిరిగే బటన్ నొక్కి, తక్కువ స్పీడులో పెడితే దయ్యం వీధంతా తీరిగ్గా చూస్తుంది. మన దిష్టిబొమ్మకు ప్రాణం వచ్చినట్టే!

రెక్కలు తీసినా మధ్య కడ్డీ తిరుగుతూనే ఉంటుంది. మొదటి రోజు దుప్పటి అంచు దానికి చుట్టుకుని మోటారు మూలిగింది. పెరుగు డబ్బా ఒకటి కడ్డీ చుట్టూ బోర్లించి, కడ్డీకి తగలకుండా జాలీకి కట్టాక ఆ బాధ పోయింది.

తల అరకిలో లోపే ఉండాలి, బరువెక్కితే ఫ్యానును అటూ ఇటూ తిప్పే లోపలి ప్లాస్టిక్ చక్రాల పళ్లు అరిగిపోతాయి. వానకు ఇది అస్సలు పనికిరాదు. వరండా కప్పు కిందే పెట్టండి, రాత్రి పడుకునే ముందు ప్లగ్ పీకేయండి.