భ్రమణ చలనం – 4వ భాగం: కోణీయ ద్రవ్యవేగం ఎప్పుడు నిలిచి ఉంటుంది?

గత భాగంలో, బలం ఒక వస్తువును తిప్పే ప్రభావమైన టార్క్‌కూ, కోణీయ ద్రవ్యవేగం (తిరుగుడు ఎంత ఉందో చెప్పే రాశి) మారే రేటుకూ ఉన్న సంబంధాన్ని రాబట్టాం. ఈ భాగానికి ఆధారం అదే: ఒక వ్యవస్థపై బయటి నుంచి పనిచేసే టార్క్‌ల మొత్తం సున్నా అయితే, ఆ వ్యవస్థ కోణీయ ద్రవ్యవేగం మారదు. నియమాన్ని ఒప్పజెప్పడంలో ఎవరికీ ఇబ్బంది ఉండదు. దాన్ని ఎక్కడ వాడవచ్చో తేల్చుకోవడంలోనే చిక్కంతా ఉంది. కాబట్టి అంకెలు వేసే ముందు, వ్యవస్థలో ఏయే వస్తువులున్నాయో, ఏ బిందువు లేదా ఏ అక్షం పరంగా లెక్క కడుతున్నారో కాగితం మీద రాసుకోండి. టార్క్ విలువ ఎంచుకున్న బిందువును బట్టి మారుతుంది కనుక, ఒక బిందువు పరంగా స్థిరంగా ఉన్న కోణీయ ద్రవ్యవేగం మరో బిందువు పరంగా క్షణక్షణం మారుతూ ఉండవచ్చు.

చేతులు ముడుచుకుని వేగంగా తిరిగే స్కేటర్ ఉదాహరణ మీకు తెలిసే ఉంటుంది. మనిషి శరీరపు జడత్వ భ్రామకం (తిరుగుడులో మార్పును అడ్డుకునే గుణం) సులభంగా లెక్కకు లొంగదు గనుక, నేర్చుకునేవారికి ఈ కింది లెక్క ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

ఘర్షణ లేని సమతల బల్ల మధ్యలో చిన్న రంధ్రం ఉంది. దాని గుండా కిందికి దిగిన దారం పై కొసకు 0.2 కిలోగ్రాముల దిమ్మెను కట్టి, 0.6 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో సెకనుకు 2 మీటర్ల వేగంతో తిప్పుతున్నాం. ఇప్పుడు దారాన్ని కింది నుంచి మెల్లగా లాగి వ్యాసార్ధాన్ని 0.3 మీటర్లకు తగ్గిస్తే వేగం ఎంత అవుతుంది?

దిమ్మె మీద బయటి బలం లేదని ఇక్కడ అనలేం, దారంలోని తన్యత దాన్ని నిరంతరం లాగుతూనే ఉంది. అయితే ఆ బలరేఖ ఎప్పుడూ రంధ్రం గుండానే పోతుంది కాబట్టి, రంధ్రం పరంగా దాని టార్క్ సున్నా. దిమ్మె బరువు, బల్ల కలిగించే అభిలంబ బలం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందువల్ల మొదట ఉన్న కోణీయ ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశి × వేగం × వ్యాసార్ధం = 0.2 × 2 × 0.6 = 0.24 కి.గ్రా.మీ²/సె, చివరి దాకా నిలుస్తుంది. దాన్ని 0.2 × 0.3తో భాగిస్తే కొత్త వేగం సెకనుకు 4 మీటర్లని తేలుతుంది. వేగం రెట్టింపై, వ్యాసార్ధం సగమైంది గనుక కోణీయ వేగం నాలుగు రెట్లయింది.

ఇక్కడ ఆగకుండా గతిజశక్తిని కూడా లెక్కకట్టండి. మొదట 0.4 జౌళ్లు, చివర 1.6 జౌళ్లు. అదనంగా వచ్చిన 1.2 జౌళ్లు దారాన్ని లాగిన చేయి చేసిన పని. వృత్తంలో తిరుగుతున్నంతసేపూ తన్యత వేగదిశకు లంబంగా ఉండి ఏ పనీ చేయదు. కానీ దారాన్ని లాగుతున్నప్పుడు దిమ్మె లోపలికి చుట్లు తిరుగుతూ వస్తుంది కాబట్టి ఆ లంబత్వం చెదిరి, తన్యత పని చేయగలుగుతుంది. ఆ తన్యత కూడా 1.33 న్యూటన్ల నుంచి 10.67 న్యూటన్లకు, అంటే ఎనిమిది రెట్లకు పెరుగుతుంది. సమాకలనం తెలిసినవారు తన్యత వ్యాసార్ధపు ఘనానికి విలోమానుపాతంలో ఉంటుందని చూపి, చేసిన పనిని నేరుగా కట్టి చూడండి, సరిగ్గా 1.2 జౌళ్లే వస్తుంది.

భూమి విషయంలో దారం స్థానంలో సూర్యుడి ఆకర్షణ ఉంటుంది. ఆ బలం కూడా సూర్యుడి వైపే ఉంటుంది గనుక, సూర్యుడి పరంగా దాని టార్క్ సున్నా. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి సుమారు 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో సెకనుకు 30.29 కిలోమీటర్ల వేగంతో, జులై మొదట్లో 15.21 కోట్ల కిలోమీటర్ల దూరంలో 29.29 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. రెండు సందర్భాల్లోనూ దూరం, వేగాల లబ్ధాన్ని మీరే కట్టి పోల్చండి. గ్రహాన్ని సూర్యుడితో కలిపే రేఖ సమాన కాలాల్లో సమాన వైశాల్యాలను చిమ్ముతుందని 1609లో కెప్లర్ ప్రకటించిన నియమం ఈ స్థిరత్వానికి మరో రూపమే.

శక్తి తగ్గే సందర్భమూ ఉంది. తిరుగుతున్న బిళ్ల మీద అలాంటిదే మరో నిశ్చలమైన బిళ్లను, అక్షాలు కలిసేలా వదిలితే, రెండూ చివరకు సగం కోణీయ వేగంతో కలిసి తిరుగుతాయి. కోణీయ ద్రవ్యవేగం చెక్కుచెదరదు, గతిజశక్తిలో సగం మాత్రం వాటి మధ్య ఘర్షణ వల్ల ప్రధానంగా వేడిగా మారుతుంది.

అభ్యాసం: ఘర్షణ లేని నిట్టనిలువు అక్షం మీద ఒక బరువైన పళ్లెం స్వేచ్ఛగా తిరుగుతోంది. మొదటి సందర్భంలో పై నుంచి నిట్టనిలువుగా పడిన ఇసుక దాని అంచుకు అంటుకుంటోంది. రెండో సందర్భంలో అంచున ఉన్న ఇసుకే అక్కడి చిన్న రంధ్రాల గుండా కిందికి రాలిపోతోంది. పళ్లెం కోణీయ వేగం ఏ సందర్భంలో మారుతుంది? రెండోదానికి జవాబు రాసే ముందు, రాలిన ఇసుక తనతో ఎంత కోణీయ ద్రవ్యవేగాన్ని తీసుకుపోయిందో లెక్కకట్టండి. సాధన 5వ భాగంలో ఉంటుంది.